పిల్లాడి నిద్ర మీద మీకెందుకండీ అంత కోపం?

ఫ్యాన్ కట్టేశారు. జరిగింది అంతే. ఇంతదానికి ఇంత రాయాలా అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు మాత్రం పొద్దుటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

దసరా సెలవులకి మావాడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వచ్చిన రాత్రి కంచం ముందే తూలిపోయాడు. పెరుగన్నం కలిపి ముద్దలు పెడితే కళ్లు మూసుకునే తిన్నాడు. పొద్దున ఎనిమిది దాటింది, ఇంకా లేవలేదు. పండక్కి వచ్చిన మా ఆడపడుచు భర్త గదిలోకి తొంగిచూసి, "బారెడు పొద్దెక్కిందమ్మా, ఇంకా లేవలేదేంటి వీడు? ఈ వయసులో ఇంత మొద్దు నిద్రేంటి?" అంటూ వెళ్లి ఫ్యాన్ ఆపేశారు. విజయవాడలో, ఈ ఉక్కలో. కాసేపటికి పిల్లాడు చెమటతో తడిసి లేచి కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "సారీ మామయ్యా" అన్నాడు.

దేనికి సారీ? నిద్రపోయినందుకా? దొంగతనం చేశాడా, ఎవరినైనా కొట్టాడా? సొంత ఇంట్లో, సొంత మంచం మీద, సెలవు రోజున పడుకున్నందుకు పదిహేడేళ్ల పిల్లాడు సారీ చెప్పాలా?

నేను వెళ్లి ఫ్యాన్ మళ్లీ వేసి, "అన్నయ్యగారూ, వాణ్ణి పడుకోనివ్వండి" అన్నాను. ఇల్లంతా నా వైపే చూసింది. ఫ్యాన్ కట్టేసినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు, వేసినప్పుడు మాత్రం పెద్దాయన్ని అవమానించినట్టయింది. మా అత్తగారు పూజ గదిలోంచి గంట గట్టిగా కొట్టారు. ఆ గంటకి అర్థం నాకు తెలుసు.

ఆ పిల్లాడు ఎందుకలా పడుకుంటున్నాడో ఒక్కరైనా అడిగారా? హాస్టల్లో ఐదింటికి విజిల్. బాత్రూమ్ దగ్గర లైను ఉంటుంది కాబట్టి నాలుగున్నరకే లేచి బకెట్ పెట్టుకోవాలి. ఐదున్నరకి స్టడీ అవర్. ఆ తర్వాత క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా అదే వరస. డార్మిటరీలో లైట్లు ఆర్పేసరికి పదకొండు. ఆదివారం సెలవేగా అంటారేమో, ఆదివారం పొద్దున్నే వీకెండ్ పరీక్ష. స్టడీ అవర్లో కునుకు పడితే లేపి నిలబెడతారట. నిలబడి చదవాలి. నిలబడి కూడా నిద్రపోయేవాళ్లు ఉన్నారని మావాడు చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు, నాకు నవ్వు రాలేదు.

లెక్క వేయండి. పదకొండు నుంచి నాలుగున్నర. ఐదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. అంటే రోజుకి కనీసం రెండున్నర గంటల బాకీ, రెండేళ్ల పాటు. ఆ బాకీలో ఏదో కాస్త తీర్చుకుందామని ఇంటికొస్తే ఇక్కడ ఫ్యాన్ కట్టేస్తారు.

ఇంకో సంగతి. ఈ వయసులో పిల్లల ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను పెద్దవాళ్లలో కంటే వాళ్లలో రాత్రి బాగా పొద్దుపోయాక ఊరుతుంది. అందుకే పదింటికి పడుకోమన్నా వాళ్లకి నిద్ర రాదు, ఏడింటికి లేవమన్నా మెలకువ రాదు. అది బద్ధకం కాదు, పొగరు అంతకన్నా కాదు. ఒంట్లోని ఆ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. కాలిఫోర్నియాలో ఏకంగా చట్టమే చేశారు. 2022 జూలై నుంచి అక్కడ హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టడానికి వీల్లేదు, కొన్ని పల్లెటూరి స్కూళ్లకి తప్ప. వాళ్లు ఎనిమిదిన్నర దాకా బడే మొదలుపెట్టకపోతే మనం ఐదింటికి విజిల్ ఊదుతాం. ఆ పిల్లలు, ఈ పిల్లలు రేపు ఒకే యూనివర్సిటీలో పక్కపక్కన కూర్చుంటారు.

"తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుంది" అంటారు ప్రతివాళ్లూ. ఎక్కుతుంది, రాత్రి ఎనిమిదిన్నరకి పడుకున్నవాడికి! మా తాతగారు నాలుగింటికి లేచేవారు, నిజమే. ఆయన చీకటి పడుతూనే అన్నం తిని ఎనిమిదికల్లా నులక మంచం వాల్చేవారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద మళ్లీ ఒక నిద్ర తీసేవారు. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు. ఆయన లేచిన టైము ఒక్కటే పట్టుకుని పిల్లల నెత్తిన కొడుతున్నారు.

పైగా పగలు చదివింది మనసులో నిలబడేదే నిద్రలో. నిద్రలోనే మెదడు ఆ రోజు నేర్చుకున్నదాన్ని గట్టిపరుచుకుని దాచుకుంటుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసి, గాదెకి చేర్చకుండా వానకి వదిలేస్తే ఏమవుతుందో రైతు బిడ్డలకి నేను చెప్పాలా? ఈ కాలేజీలు చేస్తున్నది అదే. రోజంతా కుప్పలు పోయిస్తారు, రాత్రి ఎత్తుకోనివ్వరు. వీకెండ్ పరీక్షలో మార్కులు తగ్గితే ఇంకో గంట స్టడీ అవర్ పెంచుతారు. ఫలితాల రోజు పేపర్ల నిండా ర్యాంకుల ఫొటోలు వేసుకుంటారు. నిద్రలేక చదువే వదిలేసి వచ్చినవాళ్ల ఫొటోలు ఏ పేజీలో వేస్తారు?

ఇదంతా ఇలా ఉండగా, మధ్యాహ్నం ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. 'చక్కటి నిద్రకు పది చిట్కాలు'. పంపింది ఎవరో చెప్పక్కర్లేదు, పొద్దున ఫ్యాన్ కట్టేసిన ఆయనే.

చిట్కాల మీద నాకు కోపం లేదు. పాటించినవాళ్లకి పనికొచ్చేవే. రోజూ ఒకే టైముకి లేవడం అన్నిటికంటే ముఖ్యం, నిద్ర పట్టే టైము దాని వెనకే సర్దుకుంటుంది. లేవగానే డాబా మీద కాసేపు వెలుతురులో తిరిగితే ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది, ఇది నేను చేస్తున్నాను, తేడా కనిపించింది. కాఫీ, టీ మధ్యాహ్నం భోజనం తర్వాత మానేయాలి. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల దాకా ఒంట్లోనే ఉంటుంది, సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీ రాత్రి పదకొండుకి కూడా పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిదికల్లా అయిపోవాలి. ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టి రావాలి, తలగడ కింద కాదు. గదిలో చీకటి, చల్లదనం ఉండాలి. నిద్ర పట్టకపోతే మంచం మీద పొర్లుతూ టైము చూసుకోకుండా, లేచి వేరే గదిలో చిన్న లైటులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే వెళ్లి పడుకోవాలి. మధ్యాహ్నం కునుకు తీస్తే మూడింటిలోపు, అరగంటకి మించకుండా. జాజికాయ వేసిన పాలంటారా, మా అమ్మ ఇచ్చేది, తాగితే హాయిగా ఉంటుంది, తాగండి. ఇంట్లో ఎవరైనా గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం చిట్కాలు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, గుండెకి, బీపీకి మంచిది కాదు.

కానీ ఈ పదింటిలో ఒక్కటైనా ఆ పిల్లాడి చేతుల్లో ఉందా? ఎప్పుడు లేవాలో వార్డెన్ చెబుతాడు. ఎప్పుడు లైటు ఆర్పాలో వార్డెన్ చెబుతాడు. ఇంటికొస్తే ఫ్యాన్ ఎప్పుడు కట్టేయాలో మామయ్య చెబుతాడు. ఇంక ఆ చిట్కాలు ఎవరికి పంపుతున్నారు?

మా సందు చివర ఫంక్షన్ హాలు ఉంది. దాని సంగతీ చెప్పాల్సిందే. రాత్రి పన్నెండు దాటినా డీజే. కిటికీ అద్దాలు వణుకుతాయి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదు. పండగలకి ప్రభుత్వం సడలింపు ఇచ్చినా ఏడాదికి పదిహేను రోజులే, అదీ అర్ధరాత్రి దాకానే. ఈ లెక్క నాకు నోటికొచ్చేసింది, ఎందుకంటే పోలీసులకి ఫోన్ చేసినప్పుడల్లా చదివి వినిపించాల్సి వస్తోంది. వచ్చి చెప్పి వెళతారు, పది నిమిషాలు తగ్గుతుంది, మళ్లీ మొదలు. ఫిర్యాదు చేసింది నేనేనని తెలిసి పక్కింటావిడ "పెళ్లి ఒక్కసారే కదండీ చేసుకుంటారు" అంది. వాళ్లకి ఒక్కసారేనమ్మా. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాక మాకు రోజూ పెళ్లే. ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడ్డ కేసులో, నిద్ర కూడా జీవించే హక్కులో భాగమేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టుకి అర్థమైంది, మా సందుకి అర్థం కావడం లేదు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఫ్యాన్ నాకు కొత్త కాదు. ఈ ఇంట్లో ఇలా మొదట లేపింది నన్ను.

పెళ్లయి వచ్చిన కొత్తలో తెల్లారకముందే కళ్లాపి చల్లి ముగ్గు పడాలి. పడింది, నేనే వేశాను. తర్వాత పిల్లాడు పుట్టాడు. ఇదే పిల్లాడు. రాత్రంతా గంటకోసారి పాలకి లేచేవాడు. వాడు ఏ నాలుగింటికో పడుకుంటే నేనూ పక్కన ఒరిగేదాన్ని. ఒకరోజు ఏడింటికి మెలకువ వచ్చి హాల్లోకి వస్తే, వచ్చిన చుట్టాల ముందు ఇంట్లోవాళ్లు "ఊర్మిళాదేవి లేచిందా" అన్నారు. అందరూ నవ్వారు. చేతిలో పసిబిడ్డ, తల దువ్వుకోలేదు, జాకెట్టు పాలతో తడిసి ఉంది. ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. భర్త అడవికి పోతే ఆయన నిద్ర కూడా తనే తీసుకుని పద్నాలుగేళ్లు పడుకున్న ఊర్మిళని మహాపతివ్రత అని చేతులెత్తి దండం పెడతారు. రాత్రంతా మీ వంశాంకురానికి పాలిచ్చిన ఆడది రెండు గంటలు ఎక్కువ పడుకుంటే అదే పేరు పెట్టి వెక్కిరిస్తారు.

మీ ఇంట్లో అందరికంటే చివర పడుకునేది ఎవరు? అందరికంటే ముందు లేచేది ఎవరు? ఒకే మనిషి కదా. గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి, పొద్దుటికి పప్పు నానబోసి, తాళాలు చూసి, గ్యాస్ కట్టేసి పదకొండున్నరకి పడుకుంటుంది. క్యారేజీల కోసం ఐదింటికి లేస్తుంది. మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే కాలింగ్ బెల్లు. కొరియరో, చుట్టాలో. "పడుకున్నావా?" అని తప్పు పట్టుకున్నట్టు అడుగుతారు. లేదండీ, ఊరికే ఒరిగానంతే అని అబద్ధం చెబుతుంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఈ అబద్ధం చెబుతున్నారో!

రాత్రిళ్లు కాళ్లు లాగేస్తున్నాయి, పిక్కల్లో ఏదో పాకినట్టుంటుంది, కదిపితే గానీ ఊరట ఉండదు అంటుంటారు చూశారా మన అక్కలు, వదినలు? ఒంట్లో ఐరన్ తగ్గినా అలా అవుతుంది, నిద్ర పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సగానికి మించి ఆడవాళ్లకి రక్తహీనత ఉందని తేలింది. రక్తపరీక్ష చేయించుకోమంటే "వయసు మీద పడుతోందిలే" అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. నలభై ఐదు దాటాక అర్ధరాత్రి ఒంట్లోంచి ఆవిర్లొచ్చి, చెమటలు పట్టి మెలకువ వచ్చేవాళ్లు ఇంకెంతమందో. పక్కన భర్త నిద్ర చెడుతుందని ఫ్యాన్ స్పీడు పెంచడానికి కూడా ఆలోచిస్తారు. మళ్లీ ఫ్యాన్ దగ్గరికే వచ్చాం.

మా ఆయన కూడా ఏమీ తక్కువ కాదు. నా గొడవంతా విని, "పెద్దాయన, పోనీలే, సర్దుకుపో" అన్నారు. నేను సర్దుకుపోయాను కాబట్టే మీ కొడుకు సారీ చెప్పాడండీ అన్నాను. ఆ మాట ఆయనకి తగిలింది. తగలాలి.

సెలవులయ్యాక నేనే హాస్టల్‌కి వెళ్తున్నాను. లైట్లు పదింటికి ఆర్పమని, విజిల్ ఆరింటికి ఊదమని ప్రిన్సిపాల్‌కి రాసిస్తాను. ఇంకా కొంతమంది తల్లిదండ్రులతో మాట్లాడాను, ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు. మిగతావాళ్లు ర్యాంకు పోతుందని భయపడుతున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు, అయినా అడుగుతూనే ఉంటాను. కుదరదంటే మావాడు ఇంటి నుంచే వెళ్లివస్తాడు. బస్సులో పోయే గంట పోతుంది, పోనీ.

ఇక ఇంట్లో సంగతి. రేపటి నుంచి సెలవులు అయ్యేదాకా టిఫిన్ ఎనిమిదిన్నరకి. ముందే కావాలన్నవాళ్లకి ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది, పచ్చడి రాత్రే చేసి పెడతాను. నేను ఏడింటికి లేస్తాను. ఈ మాట అత్తగారికి, ఆడపడుచుకి, అన్నయ్యగారికి ముఖం మీదే చెప్పాను.