తాతయ్య స్పెన్సర్ బిస్కెట్లు

మద్రాసులో స్థిరపడ్డ ప్రతి తెలుగు కుటుంబానికీ మౌంట్ రోడ్డు స్పెన్సర్స్‌లో బిస్కెట్లు కొన్న తాతయ్య ఒకాయన ఉంటాడు. టి.నగర్‌లో ఏ పెళ్లికెళ్లినా భోజనాల బంతిలో ఇలాంటి తాతయ్యలు నలుగురైనా తేలతారు. వీళ్లందరినీ కౌంటరు ముందు వరసలో నిలబెడితే, నా లెక్క ప్రకారం, చివరాయన గూడూరు దాటి ఉంటాడు.

ఇంతటి ముఖ్య విషయాన్ని వదిలేసి చరిత్రకారులు పొడి వివరాలే రాశారు. 1863లో చార్లెస్ డ్యురాంట్, జె.డబ్ల్యు. స్పెన్సర్ కలిసి కొట్టు పెట్టారట. తర్వాత అది యూజీన్ ఓక్‌షాట్ చేతికొచ్చింది. 1895లో డబ్ల్యు.ఎన్. పోగ్సన్ గీసిన ప్లానుతో ఆ పెద్ద ఎర్ర భవనం లేచింది. దాని శైలి ఇండో-సారసెనిక్. అంటే ఏమిటని అడగకండి. మొగలాయి కమాను, చర్చి శిఖరం, మన ఎండకు తగ్గ వరండా అన్నీ ఒకే ముఖద్వారం మీద. పెళ్లి విస్తట్లో పులిహోర పక్కన బిర్యానీ, దానిమీద కట్లెట్ వడ్డించినట్టు. తినేవాడికి ఇబ్బందేమీ లేదు, పేరు పెట్టేవాడికే.

ఇక మా తాతయ్య. పారీస్ కార్నర్ దగ్గర గుమాస్తా. 'మద్రాసు మనదే' అని ఊరేగింపుల్లో గొంతు పోయేదాకా అరిచాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అది వేరే కథ. కానీ 'స్పెన్సర్స్ మనదే' అని మాత్రం ఆయన అరిచిన దాఖలా లేదు. ఊరు మొత్తం ఇమ్మన్నవాళ్లం, ఆ ఒక్క గుమ్మం ఊసెత్తలేదు. దొరల సారాలు, చుట్టలు అమ్మే చోట గుమాస్తాకేం పని?

1980ల మొదట్లో భవనం కాలిపోయింది. ఆ మంటలు చూడకుండానే తాతయ్య పోయాడు. అసలు గిరాకీ ఆ మర్నాటి నుంచే. కొట్టు నడిచినన్నాళ్లూ లేని ఖాతాదార్లు బూడిదలోంచి పుట్టుకొచ్చారు. అక్కడే స్పెన్సర్ ప్లాజా లేచాక మేమూ మే నెలలో వెళ్లేవాళ్లం. కొన్నది తక్కువ, ఏసీలో చల్లబడింది ఎక్కువ.

అదే రోడ్డు మీద 1897 నాటి కార్డైల్ భవనం ఉంది, జె.హెచ్. స్టీఫెన్స్ డిజైను. మందులమ్మే డబ్ల్యు.ఇ. స్మిత్ కంపెనీ కట్టించుకుంది. 2006లో కూలగొట్టడం మొదలైతే, పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ వాళ్లు కోర్టుకెళ్లి ఆపించారు. ఎవరి తాతయ్యా అక్కడ దగ్గుమందు కొన్నట్టు నేను వినలేదు. పూర్తిగా కూలలేదు కదా, ఇంకా టైముంది.

మొన్న సంక్రాంతికి బాబాయి సాక్ష్యం బయటికి తీశాడు. బొత్తాలు, సూదులు దాచుకునే రేకు డబ్బా. మూత మీద గుర్రబ్బండి బొమ్మ సగం చెరిగిపోయింది.

"తాతయ్య తెచ్చిన స్పెన్సర్ డబ్బా రా ఇది!"

చేతులు మారింది. అత్తయ్య కళ్లకద్దుకున్నంత పని చేసింది. పిన్ని బొత్తాలు ఒళ్లో ఒంపుకున్నాక నేను డబ్బా తిరగేశాను. అడుగున ఎమ్మార్పీ, దాని పక్కన బార్‌కోడ్.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

"నాన్నకి ముందునుంచీ ముందుచూపే" అన్నాడు.