గట్టుకవతల చూసి చేసే శాస్త్రం

పచ్చిరొట్ట (జీలుగ, జనుము లాంటివి పెంచి, ఎరువుగా అదే నేలలో కలియదున్నే పైరు) వేయాలా వద్దా అన్నది భూసార పరీక్ష కాగితం చూసి తేల్చుకోవాలని కొందరు అమాయకులు నమ్ముతుంటారు. చూడాల్సింది గట్టుకవతల. పక్కచేనాయన జీలుగ చల్లితే మనమూ ఆలోచించొచ్చు. చల్లకపోతే ఆ ఆలోచనే దండగ. ఊరంతా బీడుగా ఉండి మన చేనొక్కటే పచ్చగా ఉంటే అది నేలకు వేసినట్టు కాదు, ఊరి పశువులకు వేసినట్టు. పేడైనా దక్కుతుందిలే అనుకుంటామా, అది పడేది ఇంకొకరి పొలంలో.

ఇక లెక్క. ఎకరాకు విత్తనం జీలుగ 10–12 కిలోలు, జనుము 12–15, పిల్లిపెసర 6–8. నీరు నిలిచే చోట, చవిటి నేలలో జీలుగే. జనుము అక్కడ బతకదు. 45–50 రోజులకు, సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కలియదున్నాలి. కుళ్ళడానికి మరో 10–15 రోజులు. అంటే నేల రెండు నెలలు ఖాళీగా ఉండాలి, పదును (విత్తడానికి సరిపడా తేమ) ఉండాలి, విత్తనం చేతిలో ఉండాలి. ఈ మూడూ ఒకే వారంలో కలవడం కన్నా గ్రహకూటమి నయం. విత్తనానికి ఒక మర్యాద ఉంది, పదును ఆరిపోయాక గానీ రాదు.

అన్నీ కలిసొచ్చినా అసలు పరీక్ష పూత దగ్గరే. నడుమెత్తు దాటి పసుపుపచ్చ పూలతో ఊగుతున్న జనుమును దున్నడానికి ఎవరికి చేతులొస్తాయి? “ఇంకో వారం పెరగనీ, రొట్ట ఎక్కువొస్తుంది.” ఆ వారం మూడు వారాలవుతుంది. కాడ నారతేలి, రోటవేటర్ బ్లేళ్ళకు తాడు పేనినట్టు చుట్టుకుంటుంది. డ్రైవరు ఇంజను ఆపి, కింద కూర్చుని కొడవలితో ఒక్కో చుట్టూ కోస్తూ మధ్యమధ్య మన వంశాన్ని తలుచుకుంటాడు. ముదిరిన కాడలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలలోంచే లాక్కుంటాయి. దాంతో నాటిన పైరు పాలిపోతుంది, యూరియా బస్తా విప్పుతారు. “పచ్చిరొట్ట వేసి ఏం బావుకున్నాం?” అన్న తీర్మానం ఏకగ్రీవం. ఒక మొక్క పీకి, వేరుబుడిపెను గోటితో చీల్చి, లోపల గులాబీ రంగుందో లేదో, అంటే అది గాలిలోని నత్రజనిని పడుతోందో లేదో చూసినవాళ్ళు మాత్రం ఉండరు. అందరూ చూసేది ఎత్తే.

వర్షాధారపు చేలలో వద్దన్న రైతును వెక్కిరించకండి. రొట్ట తాగేసిన తేమను తర్వాతి పైరుకు ఎవరూ తిరిగివ్వరు. ఆ లెక్క సలహాలిచ్చేవాళ్ళ నోట సాధారణంగా రాదు.

కౌలురైతుదైతే మరీ తేలిక. నేలలో సేంద్రియ కర్బనం కాస్త పెరగడానికి ఏళ్ళు పడుతుంది. కౌలు మాట ఏడాదికే. పొరపాటున నేల బాగుపడిందా, మరుసటేడు కౌలు పెంచుతారు.