చెరువు తవ్విందీ మనిషే

మనిషి అడుగుపెట్టిన చోట ప్రకృతి బతకదని ఈమధ్య చాలామంది తేల్చేస్తున్నారు. బెంగళూరులో మురుగు చేరిన బెళ్లందూరు చెరువు పక్క అపార్ట్‌మెంట్లలో ముక్కు మూసుకుని బతికినవాళ్లకు అది నిజమే అనిపిస్తే తప్పుపట్టలేం. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువులోనే మంటలు లేచాయి. దాని కిందనున్న వర్తూరు చెరువు దగ్గర మురుగు నురగ గాలికి లేచి బైకులవాళ్ల మొహాన పడుతుంటే రోడ్డు పక్కన వలలు కట్టారు. అయినా ఆ తీర్పును మేం ఒప్పుకోం.

బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. ఇక్కడి చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్ట వేసి నీరు నిలిపినవే. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు రాజకాలువ అనే పెద్ద కాలువ గుండా కింది చెరువుకు చేరేది. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంత వదలాలో నీరుగంటి చూసుకునేవాడు. వేసవిలో తీసిన పూడిక మట్టి పొలాలకు బలం. చేపలు, కొంగలు ఆ నీటిని వెతుక్కుంటూ తర్వాత వచ్చాయి.

వాటిని పాడుచేసిందీ మనుషులే, కాదనం. కానీ ఏ మనుషులు? ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండ్ అయింది. సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం లేచింది. ఏటా జరిగే కరగ ఉత్సవానికి అక్కడి నీరు కావాలి కాబట్టి చిన్న కుంట మాత్రం మిగిలింది. కోరమంగళ చెరువులో 1997 జాతీయ క్రీడల కోసం ఇళ్లు కట్టారు. ఇవన్నీ ఫైళ్ల మీద సంతకాలతో జరిగిన పనులు. నేరం మానవజాతి మొత్తానిదంటే ఆ సంతకాల జోలికి ఎవరూ పోరు.

మనిషి చేయి పడితే చెరువు బాగుపడుతుంది కూడా. నగరానికి ఉత్తరాన ఉన్న జక్కూరు చెరువు చూడండి. మురుగు శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీటిని ముందు జమ్ము పెరిగిన తడినేలలోకి మళ్లిస్తారు. మిగిలిన మురికిని ఆ మొక్కలు చాలావరకు పీల్చుకున్నాకే నీరు చెరువులోకి వెళ్తుంది. ఇలాంటివి ఇంకా ఎందుకు లేవన్నదే మా ప్రశ్న.

ఇది మన తెలుగువాళ్లకూ తగిలే విషయమే. మన బెంగళూరు మురుగును శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులు ఆ జిల్లాలో ఎందరో. ఇప్పుడు చేసే రెండు దశల తర్వాత మిగిలే మలినాలనూ తీసే మూడో దశ శుద్ధి కూడా చేయాలని అక్కడ అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. ప్రభుత్వం వెంటనే ఒప్పుకోవాలి. మారతహళ్లి, సర్జాపుర రోడ్డు ఫ్లాట్లలో ఉంటున్న తెలుగువాళ్లు వచ్చే అసోసియేషన్ మీటింగులో పార్కింగ్ గొడవ కాస్త పక్కన పెట్టి, తమ మురుగు శుద్ధి ప్లాంటు రోజంతా నడుస్తోందా, కరెంటు బిల్లుకు భయపడి ఆపేస్తున్నారా అని అడగాలి. లాగ్ బుక్ తెప్పించి చూడాలి.