తెగ చేతిలో కాగితం, దొర చేతిలో దస్తావేజు

ఆదివాసులతో కుదుర్చుకున్న ఒప్పందాలను అగ్రరాజ్యాలు తుంగలో తొక్కాయని హనుమకొండ సభల్లో ఎవరో ఒకరు వాపోతూనే ఉంటారు. ఇది శుద్ధ అపవాదు.

1868 నాటి ఫోర్ట్ లారమీ ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు అక్కడి ఆదివాసులైన సూ జాతివారివేనని అమెరికా రాసిచ్చింది. వయోజన పురుషుల్లో నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేస్తే తప్ప ఆ నేలలో జానెడైనా వదులుకున్నట్టు కాదనీ రాసింది. 1874లో అక్కడ బంగారం కనబడింది. ఆపై సేకరించిన సంతకాలు పదో వంతే అయినా, 1877లో అమెరికా కాంగ్రెస్ వాటితోనే సరిపెట్టుకుంది. ఆ పొదుపును మెచ్చుకోవలసింది పోయి, 1980లో అక్కడి సుప్రీంకోర్టు వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారాన్ని ఖాయం చేసింది. సూ జనం ఆ సొమ్ము ముట్టలేదు, కొండలే కావాలన్నారు. ఇలాంటి వారితో ఏ నాగరిక ప్రభుత్వం వేగగలదు?

అంతర్జాతీయ న్యాయమూ మన రెవెన్యూ కార్యాలయాలకు తీసిపోదు. 1928లో అమెరికాకూ డచ్చి వారికీ మధ్య పాల్మాస్ ద్వీపం తగాదా తీర్చిన మధ్యవర్తి మాక్స్ హ్యూబర్, స్థానిక నాయకులతో రాసుకున్న పత్రాలు అసలైన ఒప్పందాలు కావన్నారు. అవే పత్రాలు డచ్చి వారి హక్కుకు మాత్రం ఆధారంగా పనికొచ్చాయి. తెగ పట్టుకొస్తే తెల్లకాగితం మీది సాదాబైనామా, దొర పట్టుకొస్తే రిజిస్టర్డ్ దస్తావేజు అన్నమాట. మన నిజాం సర్కారుకు ఈ రాతకోతల బెడదే లేదు: 1940లో జోడేఘాట్‌కు ముందు పోలీసులను పంపి, కొమురం భీం నేలకొరిగాక, ఆ జనానికి కోపం ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది.

2007లో ఐక్యరాజ్యసమితి చేసిన ఆదివాసుల హక్కుల ప్రకటన, పాత ఒప్పందాలను గుర్తించి అమలు చేయాలని 37వ అధికరణంలో చెప్పింది. 144 దేశాలు ఔనన్నాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కాదన్నాయి. దాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం లేదన్న ధైర్యంతో కాబోలు, తరువాత అవీ తలూపాయి. మన దేశం మాత్రం మొదటి రోజే ఔనంది, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న భారతీయులూ వారి వారసులూ అందరూ ఆదివాసులేనన్న వివరణతో.

ఈ లెక్కన ఏటూరునాగారంలో ఒక కోయ ముసలమ్మ పేరున స్థలం పెట్టి, మూడంతస్తులు లేపి, షట్టర్లు కిరాయికిచ్చుకుంటున్న మా హనుమకొండ పెద్దమనిషి కూడా ఆదివాసే. ఆదివాసి సొమ్ము ఆదివాసి తింటుంటే, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం మధ్యలో ఎందుకని ఆయన అడుగుతున్నారు, సబబైన ప్రశ్నే. పైగా ఆయన ఆదివాసీత్వానికి రుజువులు అక్కరలేదు. ఆ ముసలమ్మకే, అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కావాలంటే, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ ఆ చెలకను తానే దున్నుతున్నట్టు సాక్ష్యాలు కావాలి.