మైనం కాగితం మీద ఆ మెసేజ్‌లో నిజమెంత?

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మైనం కాగితంలో చుట్టిన స్వీటు తింటే ఆ మైనం పేగులకు అతుక్కుని కాన్సర్ వస్తుందట. బటర్ పేపరూ అదేనట. వాటికన్నా న్యూస్‌పేపరే నయమట. గమ్ అంటుకోదు కాబట్టి పిల్లల క్రాఫ్టుకి కూడా దండగేనట. కింద మందస కోవా ఫొటో తగిలించారు, పాపం కోవా ఏం చేసిందో!

కాన్సర్ మాట ముందు తేల్చేద్దాం. తినేవాటికి వాడే కాగితానికి ఎక్కువగా ఫుడ్ గ్రేడ్ పారఫిన్ అనే మైనం పూస్తారు. అది మన ఒంట్లో అరగదు. కోవాకి అంటుకుని పిసరంత లోపలికి వెళ్లినా, వెళ్లింది వెళ్లినట్టే బయటికి పోతుంది. అతుక్కోవడం కట్టుకథ.

ఇక బటర్ పేపర్. దీన్నీ దాన్నీ ఒకటనడమే అసలు ప్రమాదం. బటర్ పేపర్ అని కేకు టిన్నులో పరిచే బేకింగ్ పేపర్‌కి సిలికాన్ పూత ఉంటుంది, 200 డిగ్రీల వేడి తట్టుకుంటుంది. పారఫిన్ అయితే 50, 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మైనం కాగితాన్ని ఓవెన్‌లో పెడితే పొగ వస్తుంది, నిప్పంటుకున్నా అంటుకుంటుంది. మూకుడులోంచి తీసిన గారెలు కూడా దాని మీద వెయ్యకండి, కరిగిన మైనం గారెకి పట్టేస్తుంది. చల్లారాక పర్లేదు. అనుమానం ఉంటే గోటితో గీకి చూడండి: మైనం కాగితమైతే తెల్లటి గీత పడి, గోట్లో జిడ్డుగా పొట్టు చేరుతుంది. బటర్ పేపర్ పేరుతో అమ్మేదంతా ఓవెన్‌కి పనికొస్తుందనీ లేదు, ప్యాకెట్ చదివి కొనండి.

న్యూస్‌పేపర్ నయమనడం మరీ దారుణం. సిరాలోని రసాయనాలు నూనెతో పాటు బజ్జీలోకి దిగుతాయి. ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే వద్దని చెప్పింది, 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో పూర్తిగా నిషేధించింది. బజ్జీల బండి దగ్గర ఇవాళ్టికీ అదే నడుస్తోందనుకోండి, అది వేరే గొడవ.

గమ్ అంటుకోదన్నది నిజమే. క్రాఫ్టులో దాన్ని వాడేదే అందుకు! ఫెవికాల్ పని చేసేటప్పుడు కింద ఒక షీటు పరిస్తే, ఆరాక బొమ్మ ఊడి చేతికొస్తుంది, బల్ల పాడవదు. ఎండిన రావి ఆకుని రెండు షీట్ల మధ్య పెట్టి, పైనా కిందా పాత గుడ్డ వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. మైనం కరిగి రెండు షీట్లూ అతుక్కుంటాయి, ఆకు మధ్యలో ఉండిపోతుంది. గుడ్డ మరిచిపోతే మైనమంతా ఇస్త్రీపెట్టెకే.