సర్దుకుపొమ్మనే ముందు తరుగు ఎంతో చెప్పండి

నెల్లూరు జిల్లాలో తీరానికి దగ్గరగా ఉన్న ఒక రొయ్యల ప్లాంటులో, టైమ్ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ప్లాంటు పేరు చెప్పను, నెల తిరిగేసరికి జీతం కావాలి కదా. ఈ పదకొండేళ్లలో నేను టైపు చేసిన మెమోలు ఒక బీరువా నిండా ఉంటాయి. ‘తోటి ఉద్యోగితో అనుచితంగా ప్రవర్తించినందున మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసినది’ అనే వాక్యాన్ని నిద్రలో లేపి అడిగినా అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. రాయడం రానివాళ్లు సంజాయిషీ కోసం నా దగ్గరికే వస్తారు కాబట్టి అదీ నేనే రాసిపెడతాను. ప్రశ్న నాదే, జవాబూ నాదే. వేలిముద్ర మాత్రం వాళ్లది.

ఇన్ని మెమోల్లో ఒక్కటైనా ఒక గొడవను తీర్చిందా అంటే, నాకు తెలిసి లేదు. ఫైలు మూసేస్తాం, అంతే. ఆ ఇద్దరూ మర్నాడు తెల్లవారుజామున అదే కంపెనీ బస్సెక్కి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కిటికీల వైపు తిరిగి కూర్చుంటారు.

పోయిన వేసవిలో జరిగింది చెబుతాను. పొట్టు తీసే హాల్లో ఆడవాళ్లు గంటల తరబడి మంచు నీళ్లలో చేతులు పెట్టి నిలబడతారు. షిఫ్టు దిగేటప్పుడు వేళ్లు తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉంటాయి. కూలి కిలోల లెక్కన. ఒలిచిన రొయ్యలను క్రేటులో పోసి తూకం దగ్గరికి తీసుకువెళితే అక్కడి మనిషి చీటీ రాసిస్తాడు. ఆ రోజు ఒకామె క్రేటు పెడితే కాటా మీద పది కిలోల రెండు వందలు కనిపించింది. చీటీలో తొమ్మిది కిలోల ఏడు వందలు పడింది. పద్నాలుగేళ్లుగా రొయ్యలు ఒలుస్తున్న మనిషి, ఊరుకోలేదు. ఇదేమిటని అడిగింది. “నీళ్లకు కూడా కూలి ఇవ్వాలా?” అన్నాడు. “దొంగ లెక్కలు రాస్తున్నావు” అని ఆమె గొంతు పెంచింది. అతను చీటీ చించి ఆమె ముఖాన విసిరి, “చదువు రానిదానివి, నీకు లెక్కలెందుకు?” అన్నాడు. చుట్టూ ఎనభై మంది ఉన్నారు.

ఇద్దరికీ మెమోలు వెళ్లాయి, నా చేతుల మీదుగానే. అతనికి హెచ్చరిక. ఆమెకు రెండు రోజులు పని ఆపి, తర్వాత తలలు తీసే సెక్షనుకు మార్చారు. న్యాయం జరిగిందని పైవాళ్లు అనుకున్నారు. వారం తిరగకుండానే హాలు రెండుగా చీలింది. ఆమె ఊరివాళ్లు ముగ్గురు పనికి రావడం మానేశారు. అసలే సీజను. రొయ్య ఎవరి కోపం చల్లారేదాకా ఆగదు, ఐసు కరిగితే సరుకు పోతుంది. యాజమాన్యానికి చెవులు అప్పుడు తెరుచుకున్నాయి.

నేను అంతకుముందే పునరుద్ధరణ న్యాయం గురించి కొంత చదివాను. పేరు బరువుగా ఉందిగానీ విషయం తేలికే. ఏ నియమం మీరారు, ఎవరు మీరారు, ఏ శిక్ష వేయాలి అని మనం అడుగుతాం. హోవార్డ్ జెహ్ర్ అనే అమెరికా ఆచార్యుడు ఆ ప్రశ్నలనే మార్చమన్నాడు: ఎవరు గాయపడ్డారు, వాళ్లకు ఏం కావాలి, దాన్ని తీర్చే బాధ్యత ఎవరిది? నార్వే నేరశాస్త్రవేత్త నీల్స్ క్రిస్టీ 1977లోనే ఇంకో మాట అన్నాడు. గొడవ ఆ మనుషుల సొత్తు, దాన్ని లాయర్లూ నిపుణులూ వాళ్ల చేతుల్లోంచి లాగేసుకుంటున్నారని. అది చదివినప్పుడు నా టైపు మిషను గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లూ నేను చేసిందీ అదే కదా.

మేనేజరును ఒప్పించి ఆ ఇద్దరినీ కూర్చోబెట్టాను. అంతకుముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. ఇష్టం లేకపోతే రానక్కరలేదని, రాకపోతే మెమో రాదని చెప్పాను. బలవంతంగా కూర్చోబెడితే అది ఇంకో విచారణే అవుతుంది. షిఫ్టు దిగాక క్యాంటీనులో ఆరు కుర్చీలు వేశాం. ఆమె, ఆమెకు తోడుగా ఒకామె, అతను, ఫ్లోర్ సూపర్‌వైజరు, నేను. ఆరో కుర్చీ మేనేజరుది, ఆయనకు ఏదో ఫోను వచ్చిందట. ఒక వస్తువు చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలని ఈ పద్ధతిలో ఒక నియమం ఉంది. మాకు వేరే వస్తువేదీ దొరకక తూకం చీటీల పుస్తకం పెట్టాం.

ఆమె ముందు మాట్లాడింది. అరకిలో గురించి కాదు. “నా కూతురు ఇక్కడే ప్యాకింగులో ఉంది. దాని ముందు నా ముఖాన కాగితం కొట్టావు. ఇంటికి పోయాక అది నన్ను ఒక్క మాట అడగలేదు, అన్నం పెట్టి పక్కకు పోయింది” అంది. ఏ మెమోలో రాస్తాం ఈ మాట? ఏ గడిలో నింపుతాం?

పుస్తకం అతని చేతికి వెళ్లింది. చాలాసేపు దాని అట్ట తిప్పుతూ కూర్చున్నాడు. “క్రేటుకు అరకిలో తరుగు తీయమని నాకు నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఎక్కడా లేదు. పైవాళ్లు చెప్పింది రాస్తాను, తిట్లు నేను తింటాను” అన్నాడు. తర్వాత తలెత్తాడు. “కాగితం విసరమని మాత్రం ఎవరూ చెప్పలేదు అక్కా. అది నేనే చేశాను.”

ఒక్క గంటలో తేలింది ఇది. రెండు సంజాయిషీల్లో, నేనే రాసిన వాటిలో, తరుగు అన్న మాటే లేదు.

మర్నాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు, విసిరిన హాల్లోనే, ఆ ఎనభై మంది ముందే అతను తప్పు ఒప్పుకున్నాడు. ఆమె కూడా దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంది. తీసుకుంటూ “ఆ మాట నీకు తగలాల్సింది కాదులే” అంది. ఎవరికి తగలాలో అందరికీ అర్థమైంది. ఇప్పుడు క్రేటును అయిదు నిమిషాలు జల్లెడ బల్ల మీద పెట్టి నీళ్లు కారాక తూస్తున్నారు. చీటీ రెండు కాపీలు. ఆమె మళ్లీ పొట్టు తీసే హాలుకు వచ్చింది.

ఇది చెబితే కొందరు “ఇందులో కొత్తేముంది, మన పెద్దమనుషుల పంచాయితీయే కదా” అంటున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పంచాయితీలో పెద్దమనిషి మాట్లాడతాడు, దెబ్బతిన్నవాళ్లు తలూపుతారు. “పోనీలే అమ్మా, సర్దుకుపో” అన్న మాట ఎప్పుడైనా పైవాడికి చెప్పగా విన్నారా? నేను వినలేదు. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఆ మంట జిల్లా అంతా పాకి వేలంపాటలను అడ్డుకున్నప్పుడు కూడా సర్దుకుపొమ్మన్న పెద్దలు ఉండే ఉంటారు. సర్దుకుపోనందుకే 1993లో సారా నిషేధం వచ్చింది.

అలాగని ప్రతి గొడవనూ కుర్చీలు వేసి తేల్చేయొచ్చని నేను అనను. లైంగిక వేధింపు ఫిర్యాదులో ఆ స్త్రీ తనంతట తాను కోరితే తప్ప రాజీ ప్రయత్నమే చేయకూడదని, కోరినా డబ్బు ఇచ్చి తేల్చుకోకూడదని 2013 చట్టం స్పష్టంగా చెబుతోంది. అక్కడ ‘కూర్చుని మాట్లాడుకుందాం’ అంటూ ముందుకొచ్చే మేనేజర్లను నమ్మకండి.

మామూలు తగాదాలకైతే చట్టమే దారి చూపింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. పది మందికి మించకుండా, ఇరువైపులా సమానంగా. పనివాళ్లలో ఆడవాళ్లు ఎంత శాతమో కమిటీలో కనీసం అంత ఉండాలి. అంటే మా ప్లాంటు లెక్కన కమిటీ నిండా ఆడవాళ్లే కనిపించాలి. కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. అంతకుముందు పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ 2010 సవరణ నుంచి ఇలాంటి కమిటీ ఉంది. మా దగ్గర అది నోటీసు బోర్డు మీద ఆరు పేర్లుగా మాత్రమే ఉండేది. అందులో ఇద్దరు ఎప్పుడో ఉద్యోగం మానేశారు. ఆ కాగితం టైపు చేసిందీ నేనే.

ఇంకా తేలనిది ఒకటుంది. ఆ గొడవకు ముందు రెండు నెలల్లో తన క్రేట్ల మీద తీసిన తరుగు ఆమె లెక్కలో నూట పది కిలోలు. చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టుకుంది. ఆ కూలి తిరిగి ఇవ్వాలని క్యాంటీనులో అనుకున్నాం, రాసుకున్నాం, అయిదుగురం సంతకాలు పెట్టాం. ఆరో సంతకం కోసం ఆ కాగితం మేనేజరు బల్ల మీద ఉంది. నిన్న సాయంత్రం బస్సు దగ్గర ఆమె మళ్లీ ఆగి అడిగింది, “నా నూట పది కిలోల సంగతి ఏమైంది సార్?” అని.