ముఖం తెల్లబరచడం స్టూడియో పని కాదు

తిరుపతిలో స్టూడియో ఫొటోగ్రాఫర్ల గురించి ఎప్పుడు మాట వచ్చినా, సెల్‌ఫోన్ వచ్చి గిరాకీ పోయిందన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. గిరాకీ తగ్గిన మాట నిజమే. అయితే ముఖానికి తగ్గ వెలుతురు అమర్చే నేర్పును పక్కనపెట్టి, బొమ్మను కంప్యూటర్‌లో తెల్లగా చేసి ఇవ్వడమే సేవ అనుకోవడం వల్ల ఈ వృత్తికి జరిగిన నష్టం అంతకంటే పెద్దదని నా అభిప్రాయం.

ఈ అలవాటుకు సాంకేతిక కారణం ఒకటుంది. పాస్‌పోర్ట్ ఫొటోకు వెనుక తెల్లటి తెర ఉండాలి. కెమెరాను ఆటోమేటిక్ మోడ్‌లో వదిలేస్తే అది ఆ తెలుపును కూడా లెక్కలోకి తీసుకుని ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి తీసుకునే వెలుతురును, తగ్గిస్తుంది, చామనఛాయ ముఖం ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. ఆ తర్వాత దాన్ని ఎడిటింగ్‌లో తెల్లబరుస్తారు. మనిషిని తెరకు నాలుగైదు అడుగులు ముందుకు కూర్చోబెట్టి, తెరకు వేరే లైటు ఇచ్చి, ముఖం మీది వెలుతురును బట్టి ఎక్స్‌పోజర్ పెడితే ఆ అవసరమే రాదు. చర్మం రంగు సహజంగా కనిపించాలని పాస్‌పోర్ట్ ఫొటోల అంతర్జాతీయ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి. ఫిల్ము రోజుల్లోనూ తెల్ల చర్మం వైపే మొగ్గే పక్షపాతం ఉండేది. కోడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి దశాబ్దాలపాటు వాడిన షర్లీ కార్డుల మీద తెల్లజాతి మహిళల బొమ్మలే ఉండేవి.

మన ఊరికే ప్రత్యేకమైన పరీక్ష గుండు ఫొటో. కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి, గంధం పూసుకుని కొండ దిగివచ్చిన కుటుంబానికి ఎదురుగా ఫ్లాష్ కొడితే, గంధం అంటని చోట గుండు మీద తెల్లటి మచ్చ పడుతుంది. అక్కడ వివరమేదీ మిగలదు కనుక ఎంత దిద్దినా తిరిగి రాదు. పని తెలిసినవారు లైటును పక్కకు జరిపి, పెద్ద స్టూడియో గొడుగు మీదికి కొట్టి మెత్తబరుస్తారు. అవ్వ పక్కన నిలబడి మాటిమాటికీ తల తడుముకునే పిల్లవాణ్ణి "చెయ్యి దించు నాయనా" అని బుజ్జగించి, వాడు కుదురుకునేదాకా ఆగుతారు. ఎండ తగలని నెత్తికీ, ఎండకు కమిలిన నుదుటికీ మధ్య సన్నటి గీత ఉంటుంది. మొక్కు తీరిన రోజుకు అదే గుర్తు. ముఖాన్ని తెల్లబరిచే ప్రోగ్రామ్ ముందుగా చెరిపేది దాన్నే.

కస్టమర్లే తెల్లగా చేయమంటున్నారని ఫొటోగ్రాఫర్లు చెబుతారు. చాలాసార్లు అది నిజమే, ఆ కోరిక వెనుక పెళ్లిచూపుల ఒత్తిడి ఉన్న సంగతీ కాదనలేం. కానీ పెళ్లి ఆల్బమ్‌లో వధువు ముఖం ఒక రంగులో, గోరింటాకు పెట్టుకున్న చేతులు మరో రంగులో కనిపిస్తుంటే, ఆ ఇంటివాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నది ఎవరి బొమ్మ? ధరల బోర్డు మీద కాపీలకూ ఎడిటింగ్‌కూ రేటు రాస్తున్నవారు, లైటు అమర్చి మనిషిని కుదురుగా కూర్చోబెట్టే సమయానికీ రేటు రాయాలి. రంగు మార్చని ప్రింటును ముందు కస్టమరు చేతిలో పెట్టాలి. వెలుతురు సరిగ్గా పడిన సొంత ముఖాన్ని ఒకసారి చూసుకున్నాక, తెల్లగా చేయమని అడిగేవారు తగ్గుతారనే నా నమ్మకం.